ఘాట్ ఎక్కకుండానే సర్వర్‌కు వైద్యం

'సర్వర్ డౌన్'. తెలుగునాట ఈ రెండు మాటలు వినని ఇల్లు ఇవాళ లేదేమో! రేషన్ దుకాణంలో వేలిముద్ర పడకపోయినా, ధ్రువపత్రం చేతికి రాకపోయినా, బ్యాంకులో డబ్బు అందకపోయినా కౌంటర్ అవతలి నుంచి వచ్చే జవాబు అదే. పట్నంలో ఉన్నవాళ్లయితే 'సర్లే, రేపొద్దాం' అనుకుని ఇంటిముఖం పడతారు. పాడేరు కొండల్లో అలా కుదరదు. గూడెం నుంచి గట్లూ గెడ్డలూ దాటి, ఒక రోజు కూలి మానుకుని వచ్చిన ముసలమ్మకు 'రేపు రా' అంటే ఇంకో రోజు కూలి పోయినట్టే. అందుకే ఆ రెండు మాటల వెనక అసలు ఏం జరుగుతుందో, దాన్ని ఎవరు, ఎలా బాగుచేస్తారో తెలుసుకోవడం కంప్యూటర్ చదువులవాళ్లకే పరిమితమైన వ్యవహారం కాదు.

ముందు ఈ సర్వర్ సంగతి చూద్దాం. హోటల్లో మనం అడిగింది తెచ్చిపెట్టే మనిషినీ సర్వర్ అనే అంటాం కదా. ఇదీ అంతే. ఎవరు ఏ సమాచారం అడిగితే అది వెతికి అందించడమే పనిగా పెట్టుకున్న కంప్యూటర్. అయితే హోటల్లో టిఫిన్ రాలేదంటే తప్పు ప్రతిసారీ సర్వర్‌దే కాదు. వంటింట్లో గ్యాస్ అయిపోయి ఉండొచ్చు. పిండి నిండుకుని ఉండొచ్చు. అసలు మనం పిలిచిన పిలుపే అతనికి వినపడి ఉండకపోవచ్చు. కంప్యూటర్ సర్వర్ విషయంలోనూ ఇన్ని కారణాలున్నాయి. అన్నిటినీ కలిపి 'డౌన్' అనేయడంతోనే చిక్కంతా వస్తోంది.

తప్పు ఎక్కడ?

సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న పాడేరు, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. జిల్లా అంటే కలెక్టరేటు, దాని చుట్టూ కార్యాలయాలు, వాటన్నిటిలో కంప్యూటర్లు. అంతకుముందు నుంచే ఐటీడీఏ ఉంది. రేషన్ దుకాణాల్లోకి ఈ-పాస్ యంత్రాలు 2015లో, పల్లెల్లోకి గ్రామ సచివాలయాలు 2019లో వచ్చాయి. వీటిలో చాలా పనులకు సర్వర్లు ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్లలో ఉంటాయి. ఇక్కడున్నది యంత్రం, దానికి ప్రాణం పోసే సిగ్నల్, అంతే!

సిగ్నల్ అందక ఈ-పాస్ యంత్రాన్ని గుట్ట మీదికి మోసుకెళ్లి, జనాన్ని అక్కడికే రప్పించి వేలిముద్రలు వేయించిన వార్తలు విశాఖ ఏజెన్సీ నుంచి పత్రికల్లో చాలాసార్లే వచ్చాయి. అప్పుడు సర్వర్ నిక్షేపంగా ఉంది. అందనిది దారి. ఆ సంగతి తెలియక సర్వర్‌ను తిట్టుకుంటే బియ్యం రావు, సిగ్నలూ రాదు. కాబట్టి వైద్యంలో మొదటి మెట్టు రోగం ఎవరిదో తేల్చడం. యంత్రానిదా? దారిదా? సర్వర్‌దా?

పరీక్ష తేలికే. పక్కనున్న కంప్యూటర్లో మరేదైనా వెబ్‌సైటు తెరుచుకుంటోందా? ఏదీ తెరుచుకోకపోతే అనుమానించాల్సింది దారిని. అన్నీ తెరుచుకుని ఆ ఒక్కటే మొరాయిస్తుంటే చూపు సర్వర్ వైపు తిప్పాలి. ఒక్క యంత్రంలోనే ఇబ్బంది ఉండి, పక్కదాంట్లో పని జరిగిపోతుంటే ఆ యంత్రాన్నే చూసుకోవాలి. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా ఫోన్లు చేస్తే పూట గడిచిపోతుంది.

నల్లతెర నుంచి బ్రౌజర్‌కు

రోగం సర్వర్‌దే అని తేలిందనుకుందాం. ఒకప్పుడు దాన్ని చూసే మనిషి దాని ముందు కూర్చోవాల్సిందే. లేదంటే దూరం నుంచి నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేయాలి. మొదట్లో టెల్‌నెట్ అనే పద్ధతి ఉండేది. అందులో పాస్‌వర్డ్ సైతం ఏ ముసుగూ లేకుండా తీగల మీద వెళ్లిపోయేది. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన టాటు యులోనెన్ తయారుచేసిన ఎస్ఎస్‌హెచ్ వచ్చాక ఆ భయం తగ్గింది. కానీ ఆదేశాలు బట్టీపట్టే బాధ తప్పలేదు. ఒక్క అక్షరం తేడా వస్తే పని జరగదు, ఒక్కోసారి కొంప మునుగుతుంది కూడా.

ఆ బాధకు విరుగుడుగా వచ్చినవే బ్రౌజర్లో నడిచే నిర్వహణ సాధనాలు. వెబ్‌సైట్లు అద్దెకిచ్చే సంస్థలు ఎక్కువగా వాడే సీప్యానెల్ 1996లో మొదలైంది. జేమీ కామెరాన్ పెర్ల్ భాషలో రాసిన వెబ్‌మిన్ 1997లో వచ్చింది. ఇది ఉచితం. తర్వాతి కాలంలో రెడ్‌హ్యాట్ అండతో కాక్‌పిట్ వచ్చింది. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. సర్వర్లో ఒక చిన్న ప్రోగ్రాం కాపు కాస్తుంటుంది. మీరు బ్రౌజర్లో సర్వర్ చిరునామా పక్కన దానికి కేటాయించిన నంబరు కొడతారు. వెబ్‌మిన్‌కు 10000, కాక్‌పిట్‌కు 9090. పేరూ పాస్‌వర్డూ ఇస్తే సర్వర్ జాతకమంతా కళ్లముందు ఉంటుంది. ప్రాసెసర్ ఎంత కష్టపడుతోంది, జ్ఞాపకశక్తి ఎంత మిగిలింది, డిస్కు ఎంత నిండింది, ఏ సేవ నడుస్తోంది, ఏది ఆగింది... అన్నీ.

ఒక ఉదయం ఊహించండి

పాడేరులో ఒక విద్యాసంస్థ ల్యాబ్‌లో లినక్స్ సర్వర్ ఉందనుకోండి. సోమవారం ఉదయం పిల్లలు చేసిన పని సేవ్ కావడం లేదు. దాన్ని చూసే నిపుణుడు విశాఖపట్నంలో ఉన్నాడు. అతను చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి వచ్చేసరికి సగం రోజు అయిపోతుంది. వానాకాలంలో ఘాట్‌లో చెట్టు పడితే ఆ రోజుకి ఇంతే సంగతులు! అదే అతను తన బల్ల దగ్గరే బ్రౌజర్ తెరిస్తే?

మొదట డిస్కు చూస్తాడు. నూటికి నూరు శాతం నిండిపోయింది. సర్వర్లకు వచ్చే జబ్బుల్లో ఇది బాగా మామూలుది. ఎందుకు నిండింది? సర్వర్ తాను చేసే ప్రతి పనినీ లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. ఏదో ఒక సేవ తప్పు జరిగిన ప్రతిసారీ అదే ఫిర్యాదు రాస్తూ పోతే ఆ చిట్టా కొండలా పెరుగుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు వెంటనే దాన్ని తుడిచేస్తారు. అనుభవజ్ఞుడు ముందు దాని చివరి పుట చదువుతాడు. జబ్బు పేరు అందులోనే ఉంటుంది. ఇంకో సంగతి. ఏదైనా సేవ చిట్టాను తెరిచి పట్టుకుని ఉండగా దాన్ని తుడిచేసినా జాగా ఖాళీ కాదు. ఆ సేవను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఇది తెలియకే 'తుడిచినా నిండే ఉందేమిటి' అని చాలామంది తల పట్టుకుంటారు.

డిస్కు బాగుంటే తర్వాత చూసేది సేవల జాబితా. ఆగిపోయిన సేవ పక్కన మీట నొక్కితే మొదలవుతుంది. మొదలై మళ్లీ ఆగిందంటే ఇంకోసారి నొక్కి లాభం లేదు, చిట్టా చదవాల్సిందే. ఆ తర్వాత జ్ఞాపకశక్తి. ఒక్క ప్రోగ్రామే మొత్తం మింగేసి కూర్చుంటే దాన్ని ఆపాలి.

నాలుగోది ఎవరికీ తట్టనిది, గడియారం! కంప్యూటర్ లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రాలను సర్వర్ నమ్మదు. అన్నీ బాగున్నట్టే ఉండి ఏదీ పనిచేయదు. కరెంటు కోతలున్న చోట ఈ అనుమానం ముందే పెట్టుకోవాలి. తేదీని నెట్ నుంచి తనంతట తాను సరిదిద్దుకునే ఏర్పాటు వెబ్‌మిన్‌లోనే ఉంది.

వీటికి తోడు రెండు నియమాలు. ఏ అమరికనైనా మార్చేముందు పాతదానికి నకలు తీసి పెట్టుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు కలిపి మారిస్తే, బాగైనా పాడైనా దేనివల్లో తెలియదు.

తాళం మరిస్తే...

ఇంత సౌకర్యంలో ఒక ప్రమాదం ఉంది. దూరం నుంచి వైద్యుడు రాగల దారిలో దొంగా రాగలడు. దీనికి పెద్ద ఉదాహరణ వెబ్‌మిన్‌దే. 2018 ఏప్రిల్‌లో ఎవరో దాన్ని తయారుచేసే కంప్యూటర్లోకి దూరి, పాస్‌వర్డ్ మార్చే పుటలో దొంగదారి ఒకటి చొప్పించారు. 1.890 నుంచి 1.920 వరకు వచ్చిన కూర్పులను దించుకున్నవాళ్ల సర్వర్లలోకి అది చేరింది. 1.890 కూర్పులోనైతే ఏ ప్రత్యేక అమరికా లేకుండానే ఆ దారి తెరుచుకునేది, పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే! 2019 ఆగస్టులో సంగతి బయటపడింది. వెంటనే 1.930 కూర్పు విడుదలచేసి దాన్ని మూసేశారు. ఏడాదికి పైగా ఎవరి కంటా పడలేదన్నమాట.

దీని నుంచి నేర్చుకోవాల్సింది సాధనం వాడొద్దని కాదు, తాళం వేసి వాడమని. ఈ పుటను ప్రపంచమంతటికీ తెరిచి ఉంచకూడదు. ఫలానా చిరునామాల నుంచి వచ్చేవాళ్లనే అనుమతించమని ఫైర్‌వాల్‌కు చెప్పొచ్చు. దూరం నుంచి వచ్చేవాళ్లకు వీపీఎన్ అనే రహస్య మార్గం పెట్టొచ్చు. పాస్‌వర్డుతో పాటు ఫోన్లో వచ్చే సంఖ్యనూ అడిగేలా అమర్చొచ్చు. కొత్త కూర్పు రాగానే వేసుకోవాలి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి, దాన్ని కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించే అలవాటు మాత్రం ఇవాళే మానేయాలి.

తీగ తెగినప్పుడు

బ్రౌజర్ చేయలేనిదీ ఒకటుంది. దారే లేకపోతే అది సర్వర్ దాకా వెళ్లలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. మన్యంలో కాఫీ తోటలకు నీడనిచ్చే చెట్లు కూలిపోయాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తీగలను చాలామటుకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. తవ్వకాల ఖర్చు లేకుండా త్వరగా ఊళ్లకు చేరడానికి అది మంచి ఉపాయం. కానీ చెట్టు స్తంభం మీద పడితే కరెంటు తీగతో పాటు నెట్ తీగా పోతుంది.

అలాంటి రోజున పనికొచ్చేది సర్వర్ గది తాళంచెవి ఉన్న స్థానిక మనిషి. అతనికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. యూపీఎస్ ఎంతసేపు మోస్తుందో, అది అయిపోయేలోగా సర్వర్‌ను పద్ధతిగా ఎలా ఆపాలో తెలిస్తే చాలు. మీట తటాలున కట్టేస్తే డిస్కు మీది సమాచారం చెడిపోవచ్చు. ఏ తీగ దేనిదో చీటీలు కట్టి ఉండాలి. బ్యాకప్ తీసిన డిస్కు వేరే గదిలో ఉండాలి. ఎప్పుడు ఏం ఆగింది, ఏం చేస్తే బాగైందో రాసే నోటుపుస్తకం ఒకటి ఉండాలి. రెండోసారి అదే జబ్బు వస్తే విశాఖకు ఫోన్ చేసేముందు ఆ పుస్తకం తిరగేయొచ్చు. డిగ్రీ చదివే గిరిజన యువతకు ఈ పని నేర్పితే సర్వర్‌కు దిక్కుంటుంది, ఊరికో నిపుణుడూ తయారవుతాడు.

ఇక కౌంటర్ ముందు నిలబడ్డ ముసలమ్మ సంగతి. ఆమెకు వెబ్‌మిన్ పేరు తెలియనక్కర్లేదు. కానీ 'సర్వర్ డౌన్' అని చెప్పి పంపేయడానికి బదులు మూడు ముక్కలు చెప్పొచ్చు. ఆగింది సిగ్నలా, సర్వరా? బాగుచేసేవాళ్లకు కబురు వెళ్లిందా? కూర్చుంటే పని అవుతుందా, ఫలానా రోజు వస్తే అవుతుందా? పైన చెప్పిన రెండు నిమిషాల పరీక్ష చేసినవాళ్లెవరైనా ఈ మూడింటికీ జవాబివ్వగలరు. అప్పుడు ఆమె సంతలో పని చూసుకుని వస్తుందో, గూడేనికి తిరిగి వెళ్తుందో తానే నిర్ణయించుకుంటుంది. ఆ మాట ఆమెకు చెప్పేవాళ్లు కౌంటర్ అవతల ఉండాలి.