మోగని పెట్టె

ఇంట్లో ఆంప్లిఫయరు కట్టిన విద్యార్థికి, అది మోగిందా లేదా అన్నదాన్ని బట్టే మార్కులు వేయడం నాకు సమ్మతం కాదు. మొరాయించిన పెట్టెలో లోపం ఎక్కడున్నదో కనుగొన్నవాడే ఎక్కువ నేర్చాడని నా అభిప్రాయం.

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నేను హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని, టీడీఏ 2030 ఐసీతో ఒక ఆంప్లిఫయరు కట్టాను. స్విచ్చి వేయగానే ఫ్యూజు కాలిపోయింది. ఐసీ పాడైందని నిశ్చయించుకొని కొత్తది వేశాను. మళ్ళీ ఫ్యూజు కాలింది. నా నిశ్చయానికి ఆధారమేమిటో నన్ను నేను ప్రశ్నించుకోనేలేదు.

మా వీధి రేడియో మెకానిక్ కరెంటు వచ్చే తీగకు వరుసలో ఒక 100 వాట్ల బల్బును కలిపాడు. (ఆ బల్బు కాపాడేది పరికరాన్నే గాని మనిషిని కాదు; తీగ తాకితే షాకు తప్పదు.) లోపం లేకుంటే బల్బు ఒకసారి మెరిసి, కెపాసిటర్లు నిండగానే మసకబారాలి. అది నిండుగా వెలుగుతూనే ఉంది. అంటే ఎక్కడో షార్టు ఉన్నది. వేడిని పీల్చే అల్యూమినియం రేకు నుండి ఐసీని విప్పి చూడగా వెలుగు తగ్గింది. ఆ ఐసీ వెనుకనున్న లోహపు పలక లోపల నెగటివ్ సరఫరాకు కలిసి ఉంటుంది. రేకేమో ఎర్తు చేసిన పెట్టెకు తగులుతున్నది. నడుమ ఉండవలసిన అభ్రకపు పొరను నేను వేయలేదు. వేసినా, మరకు ప్లాస్టిక్ బుష్షు లేకుంటే ఫలితం అదే.

పొర వేసి, తీసి పారేయబోయిన పాత ఐసీనే బిగించాను. మోగింది. అది మొదటినుండీ మంచిదే.