సరిహద్దు పిల్లలకు కోడింగు



2020 నాటి జాతీయ విద్యావిధానము మధ్యదశలోనే పిల్లలకు కోడింగు పరిచయము చేయవలెనని చెప్పినది. సంతోషమే. కాని నగరములలో ప్రైవేటువారు దీనికి వేలకు వేలు పుచ్చుకొనుచున్నారు. ప్రాణహిత గోదావరిలో కలియుచోట నున్న మా సిరోంచలో, ఇంట తెలుగు, బడిలో మరాఠీ పలుకు పిల్లలకు ఆ రుసుము ఎవరు కట్టుదురు?

అసలు రుసుముతో పనిలేదు. అమెరికాలోని ఎం.ఐ.టి. వారు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ పూర్తిగా ఉచితము. ఆజ్ఞలను రంగుల దిమ్మెలవలె పేర్చి బొమ్మను నడిపింపవచ్చును, కథ చెప్పింపవచ్చును. ఒకసారి కంప్యూటరులో ఎక్కించుకొన్న పిదప ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. మావంటి మూలప్రాంతమునకు ఇది చిన్న సంగతి కాదు. 1967లో పుట్టిన లోగో భాషలోనైతే, తాబేలుకు ఇన్ని అడుగులు నడువుము, ఇంత తిరుగుము అని చెప్పి పటము గీయింతురు. మన ఆడపిల్లలు చుక్కలు లెక్కించి ముగ్గు వేయుటయు ఇట్టిదే కదా!

పాఠము మరాఠీలో చెప్పినను నాకు ఆక్షేపణ లేదు. సందేహము మాత్రము ఇంటిభాషలో తీర్చవలెను. పై చదువులకు పోయి వేసవికి ఇల్లుచేరు మన యువకులు రోజుకొక గంట ఇచ్చిన చాలును. బడిగది తాళపుచెవి ఎవరివద్ద ఉండవలెనను చోటనే ఇట్టి పనులు ఆగిపోవునని ఆఫీసు కాగితములతో జీవితము గడిపిన నాకు తెలియును. కావున ఆ ఉత్తరువును ముందుగా వ్రాతమూలకముగా ఇప్పింపవలెనని గడ్చిరోలి జిల్లా పరిషత్తువారిని కోరుచున్నాను.

— ఒక విశ్రాంత గుమాస్తా, సిరోంచ