సాక్ష్యం కదిరిలోనే చెప్పనివ్వండి

వాన మొఖం చాటేసిన ఏడాది శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడ పల్లెల్లో సెనక్కాయ పోతుంది, అప్పు మిగులుతుంది. ఆ అప్పు సంగతి ఊళ్లో అందరికంటే ముందు పసిగట్టేది ఏజెంటు. చాలాసార్లు తెలిసినామే, వరసకు అత్తో పిన్నమ్మో. పని ఇప్పిస్తానంటుంది, చేతిలో కొంత డబ్బు పెడుతుంది. నల్లమాడ, తలుపుల, తనకల్లు, కదిరి పల్లెల నుంచి ఆడబిడ్డలు పూణె బుధవారపేటలో, ముంబైలో, ఢిల్లీ జీబీ రోడ్డులో వ్యభిచార గృహాలకు చేరిన కథలు ఏళ్ల తరబడి పత్రికలకెక్కుతున్నాయి.

కథ బయటపడ్డ ప్రతిసారీ శిక్షలు పెంచాలంటాం. పెంచారు కూడా. 2013లో ఐపీసీ 370ని తిరగరాశారు. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్. మనిషిని అక్రమ రవాణా చేస్తే ఏడేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా జైలు. మైనరైతే పదేళ్ల నుంచి యావజ్జీవం. ఆమె ఒప్పుకునే వచ్చిందన్న వాదన చెల్లదు. దీని పక్కనే 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టం ఇంకా అమల్లో ఉంది. వ్యభిచార గృహం నడిపినవాడికి అందులో జైలుతో పాటు పడే జరిమానా రెండు వేలు దాటదు. వీధిలో విటుణ్ని పిలిచిన ఆడమనిషికీ మొదటిసారే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఆమెను శిక్షించే ఆ సెక్షన్‌ను ఇన్నేళ్లు ఉండనివ్వడం మన శాసనకర్తలకు సిగ్గుచేటు.

కానీ ఏ శిక్ష పడాలన్నా ఆమె సాక్ష్యం కావాలి. కేసు పూణెలో నడుస్తుంది, ఆమె ఊరికి తిరిగొచ్చి ఉంటుంది. సమన్లు పట్టుకుని కానిస్టేబుల్ వీధిలోకి వస్తే, అన్నాళ్లూ దాచుకున్నది ఒక్క పూటలో ఊరంతా తెలుస్తుంది. కూలి పోగొట్టుకుని, అప్పు చేసి, రైలెక్కి పోతే వాయిదా పడిందంటారు. అమ్మిన మనిషి ఇల్లు రెండు వీధుల అవతలే. ఈలోపు పెళ్లయితే ఇక ఆ ఊసే ఎత్తదు. కేసు కొట్టేస్తారు.

దీనికి దారి ఉంది. రవాణాకు గురైన పిల్లలు సొంత ప్రాంతంలోని కోర్టు నుంచో, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం నుంచో వీడియోలో సాక్ష్యం చెప్పేలా సుప్రీంకోర్టు 2022లో పద్ధతి ఏర్పరచింది. పద్దెనిమిది నిండిన మరుసటి రోజు భయం పోతుందా? పెద్దవాళ్లకూ అదే ఏర్పాటు కావాలి. నల్లమాడ ఆడబిడ్డ కదిరి కోర్టులో కూర్చుని పూణె జడ్జికి చెప్పగలగాలి. సాక్షుల రక్షణకు ప్రతి రాష్ట్రమూ పథకం రూపొందించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఏర్పాటును అందులో స్పష్టంగా రాయాలి, మహారాష్ట్ర, ఢిల్లీలతో మాట్లాడి అమలు చేయించాలి.

డబ్బు సంగతీ అంతే. అదే సంహిత 396వ సెక్షన్ ప్రకారం నిందితుడు దొరక్కపోయినా బాధితురాలు న్యాయసేవాధికార సంస్థకు పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మాట ఆమెకు చెప్పేదెవరు? విడిపించిన పోలీసులు హోంలో అప్పగించి వెళ్లిపోతారు. కోర్టు ఆదేశిస్తే ఆమె అక్కడ ఏడాది నుంచి మూడేళ్లు ఉండాలి. ఇంటి దగ్గర అప్పు వడ్డీతో పెరుగుతూనే ఉంటుంది. దరఖాస్తు హోంలోనే రాయించి, మధ్యంతర సాయం ఆమె ఊరు చేరేలోపే ఖాతాలో వేయాలి. ఏజెంటు మళ్లీ గడప తొక్కేది ఆ అప్పు కోసమే.