సింకు కింద నీళ్ళు – పదేళ్ళ వారంటీ

కొత్త ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళింటికి వెళ్తే ఈ రోజుల్లో ముందుగా చూపించేది వంటిల్లే. "రండి, కిచెన్‌ చూద్దురుగాని" అంటారు. పళ్ళేలకో బుట్ట, గరిటెలకో సొరుగు, తోస్తే చప్పుడు లేకుండా వాటంతటవే మూసుకునే తలుపులు... చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఎంతయిందని అడిగితే లక్షల్లో చెప్తారు. ఆ వెంటనే, "పదేళ్ళ వారంటీ వుందిలెండి" అంటారు. ఆ ఒక్క మాటతో వినేవాళ్ళ మనసు కూడా స్థిమితపడుతుంది.

అయితే ఆ పదేళ్ళూ దేనికి? ఈ ప్రశ్న మనలో చాలామందిమి అడగం. మా చిన్నాడపడుచు కూడా అడగలేదు.

తను రాజమండ్రిలో వుంటుంది. నాలుగేళ్ళపాటు పిల్లలకి ట్యూషన్లు చెప్పి, చీటీ కట్టి కూడబెట్టిన రెండు లక్షలకి ఇంకో అరవై వేలు కలిపి, 2023లో గృహప్రవేశానికి ముందు మాడ్యులర్‌ కిచెన్‌ చేయించుకుంది. పద్నాలుగు నెలలు తిరిగేసరికి సింకు కింద పెట్టె అడుగుచెక్క పూరీలా ఉబ్బింది. తలుపు మూసుకోవడం మానేసింది. కంపెనీకి ఫోన్‌ చేస్తే ఒక కుర్రాడు వచ్చి, చూసి, "వారంటీ వుంది మేడమ్‌. కానీ నీళ్ళవల్ల పాడైతే వర్తించదు" అని చెప్పి వెళ్ళిపోయాడట.

ఆ రాత్రి నాకు ఫోన్‌ చేసింది. "వంటింట్లో సింకు కింద నీళ్ళు పడకపోతే ఇంకెక్కడ పడతాయి వదినా?" అని అడిగింది. గొంతులో కోపంకంటే ఏడుపే ఎక్కువగా వినిపించింది. ఆ డబ్బు వెనుక ఎన్ని సాయంత్రాలున్నాయో నాకు తెలుసు.

మా చిన్నప్పుడు వడ్రంగి ఇంటికొచ్చి, అరుగు మీద చిత్రిక పట్టి బీరువా చేసేవాడు. తలుపు బిగిస్తే కబురుపెట్టేవాళ్ళం. మర్నాడు బాడిస పట్టుకుని వచ్చేవాడు. ఆయన మాటే వారంటీ, ఎందుకంటే ఆయన ఇల్లు రెండు వీధుల అవతలే. ఇప్పుడు చేసేవాడు ఒకడు, బిగించేవాడు ఒకడు, డబ్బు తీసుకునేవాడు ఇంకొకడు. కాబట్టి మాటని కాగితం మీద చూసుకోవాలి. ఆ కాగితాన్ని ఎలా చదవాలో ఈ వారం చెప్పుకుందాం.

మొదటి సంగతి. వారంటీ వంటిల్లు మొత్తానికి వుండదు. అందులోని ఒక్కో వస్తువుకీ విడివిడిగా వుంటుంది. లోపలి పెట్టె చెక్కకి ఒక గడువు, తలుపుల మీది లామినేట్‌కి ఒకటి, బందులకీ సొరుగు ఛానెళ్ళకీ ఇంకొకటి, తీగ బుట్టలకి మరొకటి. షాపువాళ్ళు పెద్దక్షరాలతో చెప్పే అంకె సాధారణంగా వీటన్నిటిలోకీ ఎక్కువదే. చిమ్నీ, స్టవ్‌ లాంటివాటికి వాటిని తయారుచేసిన కంపెనీ ఇచ్చే కార్డు వేరే వుంటుంది. గట్టు మీది గ్రానైట్‌ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మా ఆడపడుచు కార్డు తిరగేసి చూస్తే, పదేళ్ళన్నది చెక్కకి చెదలు, పుచ్చు పురుగు పట్టకుండా ఇచ్చిన హామీ. బందులకి రెండేళ్ళు. బుట్టలకి ఏడాది. అదంతా చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాల్లో వెనకవైపు వుంది.

రెండో సంగతి, గడువు ఏ రోజునుంచి మొదలవుతుంది? బిల్లు రాసిన రోజా, సామాను దింపిన రోజా, బిగించిన రోజా? ఫ్లాటు చేతికి రాకముందే డబ్బు కట్టేసి, ఆర్నెల్ల తరువాత పాలు పొంగించేవాళ్ళు ఎందరో. బిల్లు తేదీనుంచి లెక్కవేస్తే ఆ ఆర్నెల్లూ మీరు వాడకుండానే కరిగిపోయినట్టు. బిగింపు పూర్తయిన రోజునుంచి అని రాయించుకోండి. ఆ రోజు పనివాళ్ళచేత సంతకం పెట్టించుకోండి.

మూడోది, దేనికి వర్తించదు? కార్డులో ముందుగా చదవాల్సింది ఇదే. గొట్టం కారడం, గోడ చెమ్మ, వేడి గిన్నె పెట్టిన మచ్చ, గీతలు, ఎండకి రంగు వెలవడం, సొరుగులో మోతకి మించిన బరువు, యాసిడ్‌తోనో గరుకు పొడితోనో తోమడం, బయటి మనిషిచేత రిపేరు చేయించడం... ఇలా జాబితా సాగుతుంది. ఇల్లు మారితే, ఫ్లాటు అమ్మితే కొన్ని హామీలు అక్కడితో ఆగిపోతాయి. ఇందులో కొన్ని న్యాయమైనవే. మనం కత్తి పెట్టి గీస్తే వాళ్ళేం చేస్తారు? కానీ నీళ్ళ దగ్గర మాత్రం వదలకండి. "గొట్టం పగిలి మునిగితే మీ బాధ్యత కాదు, సరే. రోజూ గిన్నెలు కడిగేటప్పుడు పడే తడికీ, కుక్కరు ఆవిరికీ చెక్క ఉబ్బితే ఎవరి బాధ్యత?" అని ముందే అడిగి, జవాబు రాయించుకోండి.

నాలుగోది, పాడైతే ఏమిస్తారు? బాగుచేస్తారా, కొత్తది వేస్తారా, వాడిన ఏళ్ళు తీసేసి మిగతా ధర ఇస్తారా? కూలీ, రవాణా ఎవరివి? ప్లైవుడ్‌ కంపెనీ ఇచ్చే గ్యారంటీ, మీకు కిచెన్‌ చేసిన కాంట్రాక్టరు ఇచ్చే హామీ ఒకటి కాదని గుర్తుంచుకోండి. మొదటివాళ్ళు ప్లైవుడ్‌ షీటు ఇచ్చినా, దాన్ని కోసి, లామినేట్‌ అంటించి, బిగించే ఖర్చు మీ మీద పడవచ్చు. గ్యారంటీ అన్నారా, వారంటీ అన్నారా అన్న తర్కంలో పడకండి. ఆ మాట కింద ఏం చేస్తామని రాశారో అదే మనకి ముఖ్యం.

ఇక చెక్క సంగతి కొంచెం తెలుసుకోవాలి. పప్పులో రకాలున్నట్టే ప్లైవుడ్‌లోనూ వున్నాయి. ఎం.ఆర్‌. రకం గాలిలోని తేమని ఓర్చుకుంటుంది గాని తడిలో నానితే తట్టుకోదు. దీనికి ప్రమాణం ఐ.ఎస్‌. 303. బి.డబ్ల్యు.పి. అని, మెరైన్‌ ప్లై అని పిలిచే రకానికి ప్రమాణం ఐ.ఎస్‌. 710. దాని ముక్కని 72 గంటలు నీళ్ళలో ఉడికించి, పొరల మధ్య జిగురు విడిపోకుండా నిలుస్తుందో లేదో పరీక్షిస్తారు. చెక్కపొట్టునీ చిన్న ముక్కల్నీ జిగురుతో అదిమి చేసే పార్టికల్‌ బోర్డు, ఎం.డి.ఎఫ్‌. అన్నవి వేరు. అవి చెడ్డవని కాదు. పైన అలమరలకీ, పొడిగా వుండే చోటకీ ధర తక్కువలో పనికొస్తాయి. మామూలు రకాన్ని తెచ్చి సింకు కింద పెడితే మాత్రం నీళ్ళు తాగి ఉబ్బుతాయి. ఒకసారి ఉబ్బినది మళ్ళీ అణగదు.

ఐ.ఎస్‌.ఐ. ముద్ర వున్న షీటు మీద ప్రమాణం అంకె, సి.ఎం./ఎల్‌. అని మొదలయ్యే లైసెన్సు నంబరు వుంటాయి. ఫోన్‌లో బి.ఐ.ఎస్‌. కేర్‌ అనే యాప్‌ వేసుకుని ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, నిజమో కాదో తెలిసిపోతుంది. లామినేట్‌ అంటించాక ముద్ర కనపడదు. అందుకని కోయకముందే ఫోటో తీసుకోండి.

మా ఆడపడుచుకి పనికొచ్చింది సరిగ్గా ఇదే. వారంటీ కార్డు చేతులెత్తేసింది కదా, మొదట ఇచ్చిన కొటేషన్‌ వుందా అని అడిగాను. పసుపు, కుంకుమ భరిణెలున్న డబ్బాలో భద్రంగా దాచింది. అందులో, "సింకు యూనిట్‌: బి.డబ్ల్యు.పి. 710, 18 ఎం.ఎం." అని స్పష్టంగా వుంది. మర్నాడు మా మరిది అడుగుచెక్క మీది సామాను తీసి, గొట్టానికి కోసిన రంధ్రం దగ్గర టార్చి వేసి చూశారు. అంచుకి పట్టీ లేదు, సీలు లేదు. గోటితో గీరితే పొరలుగా రాలేదు, రవ్వలాగా పొడి రాలింది. అది ప్లైవుడ్డే కాదు, పార్టికల్‌ బోర్డు!

అంటే ఇది వారంటీ తగాదా కాదన్నమాట. కందిపప్పు అని చెప్పి బఠాణీపప్పు పోసిన తగాదా. ఫలానా రకం, ఫలానా నాణ్యత అని చెప్పి వేరేది అంటగట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అక్రమ వ్యాపార పద్ధతి అంటుంది. ఫోటోలు, కొటేషన్‌ నకలు జతచేసి తను కంపెనీకి ఉత్తరం రాసింది. నోటిమాటగా కాదు, రిజిస్టర్డ్‌ పోస్టులో. పది రోజులు జవాబు లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫోన్‌ చేసి ఫిర్యాదు నమోదు చేయించింది. మూడు వారాల్లో కంపెనీవాళ్ళు వచ్చి సింకు పెట్టె, దాని పక్క పెట్టె మెరైన్‌ ప్లైతో మళ్ళీ చేసి బిగించారు.

అక్కడా సర్దుకోక తప్పలేదు. ఆ రంగు లామినేట్‌ రావడం ఆగిపోయిందట. కొత్త తలుపులు రెండూ పాతవాటికంటే ఒక ఛాయ తక్కువ. అన్నీ మార్చమంటే ఒప్పుకోలేదు. రంగు తేడాకి పూచీ లేదని కార్డులో వుంది మరి. తనూ అక్కడితో వదిలేసింది.

వాళ్ళు వినకపోతే ఏం చేసేది? జిల్లా వినియోగదారుల కమిషన్‌ వుంది. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే అక్కడే వేయవచ్చు. 5 లక్షల వరకూ ఫీజు లేదు. కంపెనీ ఏ ఊళ్ళో వున్నా, మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. వకీలు తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి అనే వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే దాఖలు చేసే వీలుంది. అయితే లోపం తలెత్తిన రెండేళ్ళలోపు వేయాలి. "చూద్దాం, వస్తామన్నారుగా" అంటూ కాలం జరపకండి.

అడ్వాన్సు ఇచ్చేముందు ఈ అయిదూ చేయండి:

1. ఒక్కో పెట్టెకి ఏ చెక్క, ఎంత మందం, ఏ ప్రమాణం, బందులూ ఛానెళ్ళూ ఏ కంపెనీవి అన్నది కొటేషన్‌లో విడివిడిగా రాయించండి. "మంచి ప్లైవుడ్‌" అన్న మాటకి విలువ లేదు.

2. వారంటీ కార్డు నమూనా ముందే అడిగి ఇంటికి తెచ్చుకుని చదవండి. ఇంగ్లీషు అర్థంకాకపోతే పిల్లలచేత చదివించుకోండి. అర్థంకాని చోట సంతకం పెట్టకండి.

3. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అంటే ఆశపడకండి. బిల్లు లేనిదే మీరు కొన్నట్టే లేదు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం తప్పు కూడా.

4. సింకు పెట్టెలో గొట్టాల కోసం కోసిన ప్రతి అంచుకీ సీలు వేయించండి. సామాను సర్దకముందే సింకు నిండా నీళ్ళు నింపి ఒక్కసారిగా వదిలి, కింద పొడి కాగితం పరిచి చూడండి.

5. బిల్లు, కొటేషన్‌, కార్డు, ఫోటోలు, మాట్లాడుకున్న వాట్సాప్‌ సందేశాలు ఒక్కచోట దాచండి. బిల్లుల మీది అక్షరాలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి, జిరాక్సు తీసి వుంచండి.

ఇక మన వంతు కూడా వుంది. పదిహేను రోజులకోసారి సింకు కింద తలుపు తీసి, గొట్టం చుట్టూ చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే ఆ రోజే ప్లంబర్‌ని పిలవండి. తడి గుడ్డలు, ఇప్పుడే కడిగిన బకెట్లు అందులో తోసేయకండి. అప్పుడప్పుడూ తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి. మనం జాగ్రత్తగా వాడామని చెప్పుకోగలిగినప్పుడే గట్టిగా అడగగలం.

మొన్న రాజమండ్రి వెళ్ళినప్పుడు చూశాను. ఆ రెండు తలుపులూ కొంచెం వేరుగానే కనిపిస్తున్నాయి. "మార్పిస్తావా?" అంటే, "ఎందుకు వదినా? వచ్చినవాళ్ళందరూ ఇవేమిటి ఇలా వున్నాయని అడుగుతారు. కథంతా చెప్తున్నాను. మా కింది ఫ్లాటు ఆవిడ విని, తన కొటేషన్‌ తిరిగి రాయించుకుంది" అంది నవ్వుతూ.

మీరు కూడా ఈ ఆదివారం వంట అయ్యాక ఒక్క పది నిమిషాలు కేటాయించండి. సింకు కింద చెయ్యి పెట్టి చూడండి. ఆ తరువాత మీ వారంటీ కార్డు ఎక్కడుందో వెతకండి. దొరికితే వెనకవైపు చదవండి.