పాత ప్రాసెసరును విడనాడవచ్చునా?

కంప్యూటరులో లెక్కలు చేయు భాగమును ప్రాసెసరందురు. ప్రాసెసర్లలో పలు జాతులు కలవు. ఒక జాతికై సిద్ధపరచిన ఆజ్ఞలు మరియొక జాతికి బోధపడవు. కావున యంత్రమునకును మనకును నడుమ నిలిచి పనులు నడపు ఆపరేటింగు సిస్టమును ప్రతి జాతికిని వేరుగా అమర్పవలెను. ఈ శ్రమ వ్యర్థమని కొందరి వాదము. నేను అంగీకరింపను.

1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు యూనిక్సు అను సిస్టమును 'సి' భాషలో తిరిగి వ్రాసిరి. అటుపిమ్మట దానిని అన్యయంత్రములకు చేర్చుట సులభమయ్యెను. సులభమనగా, పూర్వముకంటె సులభము. ఒక క్రొత్త యంత్రమున యు, ఎన్, ఐ, ఎక్స్ అను అక్షరములకు బదులు ఎన్, యు, ఎక్స్, ఐ అని కనబడెనని ఒక కథ చెప్పుదురు. ఒక మాటలోని రెండు బైట్లలో ఏది ముందుండవలెనో ఆ యంత్రములకు పొత్తు కుదరలేదు! నవ్వు వచ్చునుగాని, ఒక్క యంత్రముపైననే నడిపియుండిన ఆ లోపము ఎన్నటికి బయటపడెడిది? పలు యంత్రములపై నడపుట కార్యక్రమమునకు మంచి పరీక్ష.

అట్లని ప్రతి పాతదానిని మోయవలెనని నా అభిప్రాయము కాదు. లినక్సు 1991లో ఇంటెల్ 386 ప్రాసెసరుపైననే పుట్టినది. 2012లో దాని నిర్మాతలు ఆ ప్రాసెసరునకే ఆశ్రయము తొలగించిరి. అందులో లేని కొన్ని ఆజ్ఞలకొరకు అందరి పాఠములో అతుకులు వేయవలసి వచ్చుచుండెను. వాడువారో మిగుల అరుదు. పుట్టినిల్లని జాలిపడక చేసిన ఆ పని సమంజసమే.

2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13వ సంచిక విషయమున మాత్రము నాకు విచారము కలుగుచున్నది. అది 64 బిట్ల రిస్క్-విని క్రొత్తగా చేర్చుకొని, 32 బిట్ల పాత ఇంటెల్ జాతి యంత్రములపై నూతనముగా స్థాపించు వీలును తీసివేసెను. పనిచేయువారు కొరవడినపుడు వారిని నిందింపలేము. వారు వేతనమునకు పనిచేయువారు కారు. అయినను, క్రొత్తది కొనలేని ఇంట నొక పాత కంప్యూటరు చక్కగా తిరుగుచున్నయెడల, దానిపై చదువుకొను బాలునికి ఈ నిర్ణయము పెద్దదే. ప్రాసెసరు వయస్సును లెక్కించుటకు ముందు, దానిపై నాధారపడినవారిని లెక్కింపవలదా?

నెట్‌బీఎస్‌డీ అను సిస్టమువారు నేటికిని ఆ 32 బిట్ల జాతిని విడువలేదు. ఆ బాలునికి ప్రస్తుతము అదియొక దారి.