ప్రశ్న ద్రోహం కాదు

యుద్ధకాలంలో ప్రభుత్వాన్ని ప్రశ్నించినవారిని దేశద్రోహులనడం తగదు. 1962లో చైనాతో పోరు సాగుతుండగానే, వాజపేయి వంటి ప్రతిపక్ష నాయకుల కోరికపై నెహ్రూ ప్రభుత్వం నవంబరు 8న పార్లమెంటును సమావేశపరచింది. రక్షణశాఖ వైఫల్యాలపై రేగిన విమర్శలతో కృష్ణమీనన్ అప్పటికే మంత్రివర్గాన్ని వీడారు. సభలో కటువైన ప్రశ్నలు వచ్చాయి. అయినా దురాక్రమణను ఎదిరించే తీర్మానాన్ని లోక్‌సభ నవంబరు 14న ఏకగ్రీవంగా ఆమోదించింది. విమర్శ ఐక్యతను చెరపలేదు.

ద్రోహముద్ర మనకు కొత్త కాదు. రాజ్యాంగం 350ఏ అధికరణం చెప్పినట్లు మన పిల్లలకు ప్రాథమిక విద్య తల్లిభాషలో కావాలని అడిగినందుకే, ఉంటున్న రాష్ట్రంపై అభిమానం లేనివారమన్న నిందను మోశాం. ఆ బాధ ఎరిగిన మనమే, యుద్ధాన్ని ప్రశ్నించే తోటి భారతీయుణ్ణి ద్రోహి అనవచ్చునా? అనరాదని నా మనవి.