పెద్దవాగు కట్టకు బాధ్యులెవరు?

గోదావరి నదీ యాజమాన్య బోర్డు చైర్మన్ గారికి,



2024 జులై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఆ వరద దిగువన వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లను ముంచింది. పొలాల్లో ఇసుక మేటలు వేసింది. నీళ్లలో చిక్కుకున్నవారిని హెలికాప్టర్‌తో కాపాడాల్సి వచ్చింది.

మట్టికట్ట ఎంత బలంగా ఉన్నా, నీరు దానిమీదుగా పొర్లకూడదు. పొర్లితే వెనకవాలు కోసుకుపోయి, చిన్న గండే చూస్తుండగా పెద్దదవుతుంది. కాబట్టి వరదను కిందికి వదిలే గేట్లే ఆ కట్టకు ప్రాణం. వాటిని వానాకాలానికి ముందే సరిచూడాలి.

కట్ట తెలంగాణలో ఉంది, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లావే. రాష్ట్రాలు విడిపోయినా వాగు ఒక్కటే. ఖర్చు ఎవరిదన్న వాదనలో మరమ్మతు ఆగిపోకూడదు.

మా విన్నపాలు మూడు. గేట్ల నిర్వహణకు ఒక అధికారిని బాధ్యుడిగా ప్రకటించండి. వానలకు ముందూ తర్వాతా చేసే తనిఖీల నివేదికలను తెలుగులో గ్రామ పంచాయతీల్లో పెట్టించండి. గేట్లు ఎత్తేముందు దిగువ ఊళ్లన్నిటికీ సైరన్‌తో, ఫోన్‌తో కబురు అందేలా చూడండి.

రెండు ప్రభుత్వాలనూ ఒకచోట కూర్చోబెట్టగల అధికారం మీకుంది. వచ్చే వానలకు ముందే దాన్ని వాడండి.

ఇట్లు,
పెద్దవాగు దిగువ గ్రామాల మేలు కోరే ఒక పౌరుడు